ధూమశకటానురాగ వర్ధిని

వీరమల్లిపాడు బాలబడి పిల్లలకి రైలంటే ప్రాణమన్న సంగతి ప్రభుత్వానికి తెలియనంత కాలం అందరూ సుఖంగానే ఉన్నారు.

బడి అంటే భవంతి కాదు. ఊరి చివర ఒక గది, ముందు వసారా, వెనక కాస్త దొడ్డి, దొడ్డి చివర ఇనప కంచె, కంచెకి అవతల రైలు పట్టాలు. బడిని నడిపేది హైమావతి టీచరు. ఆవిడ పుట్టింది గోదావరి లంకలో. అక్కడ పడవలు తప్ప రైళ్ళు లేవు. పెళ్ళయి ఈ ఊరు కాపరానికి వచ్చిన కొత్తలో రైలు కూత విని, ఎసట్లో బియ్యం పోయడం మరిచిపోయి వీధిలోకి పరిగెత్తింది. ఆ ముచ్చట అత్తగారు పోయేదాకా చుట్టాలందరికీ చెప్పుకుని నవ్వింది. ఇన్నేళ్ళయినా హైమావతికి ఆ జబ్బు నయం కాలేదు. పైపెచ్చు అది అంటుకునే రకమని బడిలో చేరాకే తెలిసింది.

మూడేళ్ళ పిల్లకి పప్పన్నం తినిపించడం కంటే గేదెని గోడెక్కించడం తేలిక. ఒక రోజు విసిగిపోయిన హైమావతి పళ్ళేలతో సహా పిల్లలందరినీ దొడ్లోకి తోలుకొచ్చి, కంచెకి ఇవతల వరసగా కూచోబెట్టింది. పాసింజరు బండి వచ్చింది. స్టేషను దగ్గరే కాబట్టి నత్తనడకన పోతోంది. "ఇంజనుకో ముద్ద! పెట్టెకో ముద్ద!" అంది. అందరి నోళ్ళూ ఒకేసారి తెరుచుకున్నాయి. బండి వెళ్ళిపోయేసరికి పళ్ళేలు ఖాళీ. ఆనాటి నుంచి అదే అలవాటయింది. పాసింజరు ఎప్పుడొస్తే అప్పుడే బువ్వ. గూడ్సు బండి వచ్చిన రోజున ఇక చెప్పనక్కర్లేదు.

"ఈ గూడ్సుకి ఇంకో పది పెట్టెలుంటే గిన్నె కూడా తినేద్దురండి," అనేది ఆయా నూకాలు, అడుగంటిన పప్పు గోకుతూ.

ఇలా ఉండగా, ఒకనాడు రైలు గేటు పడి, ఒక ప్రభుత్వ జీపు ఆగింది. అందులో ఉన్నది బాల్యోల్లాస శాఖ సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు. పిల్లల్ని సంతోషపెట్టడానికే పుట్టిన శాఖ అది. అయితే ఆయన సర్వీసు మొత్తమ్మీద సంతోషంగా ఉన్న పిల్లవాణ్ణి దగ్గర్నుంచి చూసే యోగం పట్టలేదు. ఆయన వెళ్ళిన చోటల్లా పిల్లలు ఎండలో దండలు పట్టుకుని నిలబడి ఉండేవారు. ఇక్కడేమో కొందరు పిల్లలు నోటి నిండా అన్నంతో రైలుని చూసి గంతులేస్తున్నారు. ఎవరి ప్రోద్బలమూ లేదు. వేదిక లేదు. బేనరు లేదు.

ఆయన జీపు దిగి వచ్చాడు.

"ఏమమ్మా, ఇక్కడ ఏం జరుగుతోంది?"

"రైలండి. చూస్తన్నామండి," అంది హైమావతి.

"ఏ పథకం కింద?"

"పథకం కింద కాదండి. కంచె యెనకాల నుంచి."

"అది కాదమ్మా. వీళ్ళు ఇలా అరుస్తున్నారే, ఇది దేని తాలూకు?"

"సంతోషమండి."

"అది నాకూ కనిపిస్తోంది. ఎవరు మంజూరు చేశారు?"

హైమావతి ఒక ముద్ద కలిపి, పక్కనున్న పిల్లవాడు లోవరాజు నోట్లో పెట్టింది. పరాంకుశం గారు తల పంకిస్తూ జీపెక్కాడు. ఆ తల పంకించడం చూసి నూకాలు "మంచి బాబండి" అంది. ఆవిడ చేసిన పొరపాట్లలో అది మొదటిది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'మూడు నుండి ఆరు సంవత్సరముల లోపు శిశువులయందు ధూమశకటములపట్ల అనురాగమును శాస్త్రీయముగా అంకురింపజేసి, పెంపొందించి, కొలిచి, నివేదించుటకై ప్రభుత్వము వారు ధూమశకటానురాగ వర్ధిని అను సమగ్ర పథకమును ప్రవేశపెట్టడమైనది. పథకమునకు స్ఫూర్తి అయిన వీరమల్లిపాడు కేంద్రము ఆదర్శ కేంద్రముగా ప్రకటించడమైనది.'

"ధూమశకటమంటే ఏంటండి?" అంది నూకాలు.

"రైలేనే."

"మరి అలాగే అని ఏడవచ్చు కదండి."

"అలా అంటే డబ్బులివ్వరే," అంది హైమావతి. అని, కాస్త సిగ్గుపడుతూనే ఆ కాగితాన్ని రెండోసారి చదువుకుంది. తన పిచ్చికి ఒక పేరంటూ ఉందని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం కాస్త నిటారుగా నడిచి ఇంటికి వెళ్ళింది.

టీచర్లకి శిక్షణ జిల్లా కేంద్రంలో ఒక కల్యాణమండపంలో జరిగింది. రాజధాని నుంచి ఒక సలహాదారు వచ్చాడు. కుర్రవాడే గాని కళ్ళజోడు పెద్దవాళ్ళది. తెర మీద ఒక తెరిచిన నోరు బొమ్మ వేసి చూపించాడు.

"అనురాగం కంటికి కనపడదు. కనపడనిదాన్ని కొలవలేం. కొలవలేనిదానికి నిధులు రావు. కాబట్టి మేము పరిశోధన చేసి, రైలును చూసినప్పుడు శిశువు నోరు ఎంత తెరుచుకుంటే అనురాగం అంత ఉన్నట్టు నిర్ధారించాం."

ఒక్కొక్క టీచరుకీ ఒక ప్లాస్టిక్ కొలబద్ద ఇచ్చారు. దాని పేరు ఆశ్చర్యమాపకం. కింది పెదవికీ పై పెదవికీ మధ్య నిలువుగా పెట్టి చూడాలి.

హైమావతి చెయ్యెత్తింది. "నోట్లో అన్నం ముద్ద ఉంటే ఎలాగండి?"

సలహాదారు ముఖం వెలిగిపోయింది. "చాలా మంచి ప్రశ్న! ముద్ద పరిమాణాన్ని మొత్తంలోంచి తీసివేయాలి. ఆవులింతలు లెక్కలోకి రావు. అందుకు వేరే పథకం పరిశీలనలో ఉంది."

"పిల్లలు నవ్వితేనోనండి?"

"నవ్వితే నోరు అడ్డంగా తెరుచుకుంటుంది. మనది నిలువు కొలత. నవ్వు మా పరిధిలోకి రాదు."

ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పాడు. రైలు చూసి కేంద్రం ఆవరణలో ఎవరి నోరు తెరుచుకున్నా కొలిచి రాయాలి, మినహాయింపు లేదు, రాయకపోతే క్రమశిక్షణ చర్య. హైమావతి ఇంటికొచ్చి ఈ సంగతి నూకాలుకి అప్పజెప్పింది. నూకాలు కొలబద్దని తాడు కట్టి మెళ్ళో వేసుకుంది.

మొదటి కొలతలకి పరాంకుశం గారు స్వయంగా వచ్చాడు. పాసింజరు బండి వచ్చింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. జెస్సికా నోరు కొలబద్ద చివరంటా వచ్చింది. లోవరాజు నోట్లో అయితే కొలబద్ద మునిగిపోయింది. దాన్ని మళ్ళీ బయటికి లాగడానికి నూకాలు వాడి దవడలు పట్టుకోవలసి వచ్చింది. హైమావతి సంబరంగా పరాంకుశం గారి వంక చూసింది. ఆయన ముఖం నల్లబడి ఉంది.

"ఇదేమిటమ్మా ఇలా చేశావు?"

"ఏం చేశానండి?"

"మొదట్లోనే నూటికి నూరు వస్తే ఏడాది చివర పెరుగుదల ఎక్కణ్ణుంచి చూపించను? మిగతా కేంద్రాల పిల్లలు రైలు ముఖమే చూడలేదు. శుభ్రంగా సున్నా దగ్గర ఉన్నారు. ఆదర్శ కేంద్రం ఒక్కటే వెనకబడింది."

"ఇంక పెరగక్కర్లేదండి. ఉన్నది చాలండి పిల్లలకి."

"ప్రభుత్వ పత్రాల్లో 'చాలు' అనే గడి లేదమ్మా," అన్నాడాయన ఎంతో ఓపిగ్గా. "వీళ్ళకి ఈ అనురాగం అనధికారంగా వచ్చింది. దాన్ని ముందు సున్నాకి దించాలి. తరవాత పథకం ప్రకారం పైకి తెస్తాం. మూడు మాసాలు వీళ్ళ కంట రైలు పడకూడదు."

"అన్నం తినరండి!"

"అన్నం మా శాఖ కాదు," అన్నాడు పరాంకుశం గారు, జీపు మెట్టు మీద కాలు పెట్టి.

దొడ్డి తలుపుకి గడియ పడింది. కిటికీకి గోనెపట్టా కట్టారు. రెండో నాటికే పట్టాకి పిల్లల కళ్ళ ఎత్తున ఒక చిల్లు పడింది. దాన్ని ఎవరు చేశారని అడిగితే లోవరాజు జెస్సికాని, జెస్సికా ఎలకని చూపించారు. దాంతో శాఖ వారు తాపీమేస్త్రీని పంపి కిటికీని ఇటుకలతో మూయించేశారు. మూసిన చోట గోడ బోసిగా ఉందని చిత్రకారుణ్ణి పంపి కిటికీ బొమ్మ వేయించారు. కిటికీ బొమ్మలో రైలు బొమ్మ. రంగులు మిగిలాయని కొండా, కొండ మీద నవ్వుతున్న సూర్యుడూ వేశాడతను.

ఆ రైలుని భద్రతా సంఘం వారు చూసి చాలా మెచ్చుకున్నారు. ఇది ఆలస్యంగా రాదు, పొగ రాదు, ఎవరినీ గుద్దదు అని రాశారు. అయినా రైలు రైలే కాబట్టి, ముందుజాగ్రత్తగా గోడకి బారెడు దూరంలో నేల మీద పసుపు గీత గీయించారు. రైలు నిలిచి ఉన్నప్పుడు గాని, కదులుతున్నప్పుడు గాని గీత దాటరాదు అన్నారు. మర్నాడు గోడ వార ఊడుస్తూ గీత దాటినందుకు నూకాలుకి మెమో వచ్చింది.

"గోడ మీద రైలు గుద్దుద్దాండి నన్ను?" అని నూకాలు ముక్కు చీదింది. "ఇంకెప్పుడూ ఆళ్ళ మాట జవదాటనండి. ఏం చెప్తే అది చేసేత్తాను."

పిల్లలు మొదటి రోజు ఆ రైలు ముందు పళ్ళేలు పెట్టుకుని కూచున్నారు. చాలాసేపు చూశారు.

"టీచరు, ఇదెప్పుడు ఎళ్తాది?" అంది జెస్సికా.

"ఇది ఎళ్ళదమ్మా."

"మరెందుకొచ్చింది?"

అంతలో గోడకి అవతల నిజం పాసింజరు వచ్చింది. గోడ సన్నగా అదిరింది. సూర్యుడి పెదవి మీంచి రంగు పెచ్చు రాలింది. పిల్లలందరూ గీత దాటి వెళ్ళి గోడకి చెవులు ఆనించి నిలబడ్డారు. బండి చప్పుడు పోయాక లోవరాజు వెనక్కి తిరిగి, పెద్దమనిషిలా చెప్పాడు. "ఈ రైలు సచ్చిపోయింది టీచరు. ఇంకోటి బతికే ఉంది. ఆటేపుంది."

ఆ రోజు అన్నం మిగిలింది. మర్నాడూ మిగిలింది. పిల్లలు బుగ్గన ముద్ద పెట్టుకుని గోడ వంక చూస్తూ కూచునేవారు. నెల చివర తూకం వేస్తే అందరూ తగ్గారు. జెస్సికా తల్లి వచ్చి, "ఇంటికాడా తినట్లేదు టీచరుగారండి. ఏమన్నా అంటే రైలు సచ్చిపోయిందని ఏడుత్తంది. దిష్టి తీయించాను. ఇలాగైతే ఇంక పంపనండి," అని కళ్ళొత్తుకుంది. ఇంతలో పోషణ విభాగం వారి నుంచి తాఖీదు. అన్నము ఏల మిగులుచున్నది? రైలు లేనందున, అని జవాబు రాసింది హైమావతి. అన్నము రైలులో వండుచున్నారా, అట్లయిన ఎవరి అనుమతితో, అని తిరుగు టపాలో ఇంకో తాఖీదు వచ్చింది.

ఇదంతా తన వల్లే వచ్చిందని హైమావతికి అనిపించేది. ఆ రోజున ఆ జీపాయనకి 'పిల్లలు రైలుకి జడిసి అరుస్తున్నారండి' అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే పోయేది కదా. సంతోషమని నిజం చెప్పింది. సంతోషం సంగతి ప్రభుత్వంతో చెప్పొచ్చా ఎవరైనా?

మూడు మాసాలు గడిచి పరాంకుశం గారు మళ్ళీ వచ్చాడు. రైలు కూత వినపడగానే గదిలో ఉన్న పిల్లల నోళ్ళన్నీ తెరుచుకున్నాయి. పైగా ఇప్పుడు కొత్తగా కళ్ళలో నీళ్ళు కూడా తిరుగుతున్నాయి. నూకాలు కొలిచి అంకె చెబుతోంటే ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"రవ్వంతైనా తగ్గలేదు! చెవుల గుండా అక్రమంగా వ్యాపిస్తోంది. వచ్చే వారం కమిషనరు గారి తనిఖీ. అప్పటికి సున్నా కావాలి. రేపటి నుంచి బండి వచ్చే వేళకి పిల్లల చెవుల్లో దూది పెట్టు."

"పెట్టనండి," అంది హైమావతి.

అంత చిన్న మాట తన నోట వచ్చినందుకు ఆవిడే తెల్లబోయింది. పదిహేనేళ్ళుగా పై అధికారులతో 'ఆయ్, అలాగేనండి' తప్ప ఇంకో మాట ఎరగదు.

"ఏమిటీ?"

"దూది పెట్టనండి. కిటికీ మూసేరు, ఊరుకున్నాను. దొడ్డి తలుపేసేరు, ఊరుకున్నాను. రైలు కూత ఇనపడితే చెవులు మూసుకోమని ఏ తల్లీ బిడ్డకి చెప్పదండి. నేనూ చెప్పను."

"ఇది ధిక్కారం. తనిఖీ అయిన మర్నాడే నీ మీద చర్య ఉంటుంది. ఉద్యోగం ఉంటుందనుకోకు."

"అలాగేనండి," అంది హైమావతి, అలవాటు కొద్దీ. ఆయన వెళ్ళాక గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకు కూచుంది. పసుపు గీత దాటి కూచుందని నూకాలు చూసీ చూడనట్టు గిన్నెలు తోముకుంది.

తనిఖీ రోజున కమిషనరు గారు వచ్చింది. పట్టుచీర, చలవ కళ్ళద్దాలు, వెనక సలహాదారు, సంఘం సభ్యులు, వాళ్ళ సంచులు మోసేవాళ్ళు. పరాంకుశం గారు పాసింజరు వెళ్ళిపోయిన తరవాతి సమయమే చూసి మరీ ముహూర్తం పెట్టాడు. కుర్చీలు వేశారు. పిల్లలు గీతకి ఇవతల కూచుని గోడ మీద రైలుని చూశారు. ఒక్క నోరూ తెరుచుకోలేదు.

"సున్నా!" అన్నాడు పరాంకుశం గారు, కొడుకు పుట్టినంత ఆనందంగా.

"సున్నా," అని సలహాదారు ధ్రువీకరించాడు. సంఘం వారు చప్పట్లు కొట్టారు. పోలిక కోసం అక్కడున్న అధికారుల నోళ్ళు కూడా ఎంత తెరుచుకున్నాయో రాయించమంది కమిషనరు గారు. ఆ రైలు బొమ్మ ముందు వాళ్ళకీ సున్నాలే వచ్చాయి.

"ఇటువంటి శుద్ధమైన సున్నా నేను ఏ జిల్లాలోనూ చూడలేదు," అంటోంది కమిషనరు గారు. అంతలో వాక్యం ఆగిపోయింది.

ఎక్కడో దూరాన కూత. అది రోజూ వినే కూత కాదు. గొంతు జీరపోయిన ముసలి కూత, పొడుగ్గా, సాగదీసి. ఆ వెంట చుక్ చుక్‌మని ఆయాసం. ఏదో ప్రదర్శనలో పెట్టడానికి పాతకాలపు బొగ్గు ఇంజనుని నిప్పు రాజేసి నడిపించుకుపోతున్నారని సాయంత్రం తెలిసింది గాని, అప్పటికప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. కుర్చీల కింద నేల అదిరింది. పిల్లలు లేచారు. దొడ్డి తలుపు మీద పడ్డారు.

"ఆపవమ్మా వాళ్ళని!" అని పరాంకుశం గారు అరిచాడు.

తలుపు దగ్గర ఉన్నది హైమావతే. ఆపవలసిన మనిషి ఆవిడే. ఆవిడ పిల్లల ముఖాల వంక ఒకసారి చూసింది. ఎలాగూ రేపటితో పోయే ఉద్యోగం. గడియ తీసేసింది.

పిల్లలు కంచె దగ్గరికి దూకారు. వాళ్ళని పట్టుకోవడానికి పరాంకుశం గారు, ఆయన్ని పట్టుకోవడానికి సంఘం వారు, ఏం జరుగుతోందో చూడటానికి కమిషనరు గారు. ఆవిడ ముందు హుందాగానే నడిచింది. మలుపులో నల్లటి పొగ కనిపించగానే చెప్పు ఒకటి ఊడిపోయింది, ఆవిడ ఆగలేదు. ఇంజను వచ్చేసింది. నల్లగా, ఏనుగంత, చక్రాల పక్క ఇనప చేతులు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ, కంచె మొత్తాన్ని ఆవిరిలో ముంచేస్తూ. దొడ్లో ఉన్నవాళ్ళందరి మీదా బొగ్గు నుసి పడింది. ఎవరూ దులుపుకోలేదు.

"ఇదాండి ధూమశకటం!" అంది నూకాలు. అప్పుడే ఆవిడకి తన విధి గుర్తొచ్చింది. రైలు చూసి ఆవరణలో ఎవరి నోరు తెరుచుకున్నా కొలవాలి, మినహాయింపు లేదు. మెళ్ళో కొలబద్ద తీసి, అందరికంటే దగ్గరగా ఉన్న నోట్లో పెట్టింది. అది పరాంకుశం గారిది.

ఆయన కళ్ళు ఇంజను మీదే ఉన్నాయి. నోటితో ఏదో అనబోయాడు.

"మూయకండి బాబూ, మళ్ళీ నాకు మెమో ఇత్తారు," అని నూకాలు ఆయన గడ్డం పట్టుకుంది. తరవాత కమిషనరు గారిని, సలహాదారుని, ఒకరి తరవాత ఒకరిని కొలుచుకుంటూ వచ్చింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. వినే స్థితిలో ఎవరూ లేరు.

ఆ సందట్లో జెస్సికా హైమావతి కొంగు లాగింది. ఇంజను వంక చూస్తూనే నోరు తెరిచింది. హైమావతికి అర్థం కావడానికి క్షణం పట్టింది. లోపలికి పరిగెత్తి, పప్పన్నం గిన్నె ఎత్తుకొచ్చింది. పొగ అంతా కరిగిపోయేలోపు ఆ గిన్నెలో మెతుకు లేదు.

తరవాత అందరూ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. కమిషనరు గారు చెప్పు వెతికించుకుంది. ఎవరూ ఎవరి ముఖాలూ చూడకుండా కార్లెక్కేశారు. కాని రాసిన అంకెలు రాసినట్టే రాజధానికి వెళ్ళాయి. అక్కడ వాటిని కూడి, తీసి, భాగించి చూసిన వారు నివ్వెరపోయారు. యాభై ఏళ్ళు దాటిన వర్గంలో, ఒకే ఒక్క పూటలో, సున్నా నుంచి శిఖరానికి. ఇంతటి పెరుగుదల ఏ పథకంలోనూ నమోదు కాలేదు.

కొత్త ఉత్తర్వు వచ్చింది. 'శిశువులయందు ధూమశకటానురాగము పుట్టుకతోనే యుండుటచే వారి వలన ప్రభుత్వమునకు ప్రయోజనము లేదని తేలినందున, వారిని లబ్ధిదారుల జాబితా నుండి తొలగించడమైనది. ఇకపై పథకము సీనియర్ అధికారులకు వర్తించును.' వాళ్ళందరినీ కొండ రైళ్ళు, మంచు రైళ్ళు, భోజనం పెట్టే రైళ్ళు ఎక్కించి, కుటుంబ సమేతంగా దేశమంతా తిప్పుతున్నారని వినికిడి. హైమావతి ఉద్యోగం తీసెయ్యవలసిన వారందరూ రైళ్ళలో ఉండిపోవడం వల్ల ఆ పని వాయిదా పడుతూ వచ్చింది. ఇంకా పడుతూనే ఉంది.

కిటికీ మాత్రం తెరుచుకోలేదు. గోడ మీది రైలు ప్రభుత్వ ఆస్తి, పగలగొడితే కేసవుతుందన్నారు. అందుకని హైమావతి గది వాడటమే మానేసి, దొడ్లో చిన్న పాక వేయించుకుంది. వాన పడితే కురుస్తుంది. పిల్లలెవరూ ఫిర్యాదు చేయలేదు.

వేసవి సెలవుల తరవాత ఒక కొత్త పిల్లవాణ్ణి చేర్చారు. పేరు వీరభద్రం. తల్లి వెళ్ళిపోయిందని పొద్దుట్నుంచీ నేల మీద పడి దొర్లుతున్నాడు. నూకాలు ఎత్తుకుంటే కొరికాడు. పాసింజరు వచ్చింది. వాడు ఏడుపు సగంలో ఆపి లేచి, కంచె పట్టుకున్నాడు. ముక్కు కారుతూనే ఉంది. ఇంజను, పెట్టె, పెట్టె, పెట్టె, ఆఖరి పెట్టె. బండి చింతతోపు మలుపులో కనుమరుగైంది. పట్టాలు ఖాళీగా మెరిశాయి.

వాడు వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, హైమావతిని ఆజ్ఞాపించాడు.

"మళ్ళీ!"

ఆ ఏడాదంతా ఆవిడకి వచ్చిన ఉత్తర్వుల్లో తేలిగ్గా అర్థమైంది అదొక్కటే.

"చిత్తం," అంది హైమావతి.